జీడి గుర్తులు

బాపు సంవత్సరీకానికి ముందురోజు సాయంత్రం వరంగల్ చేరాను. లక్ష్మీపురంలోని మా పాత ఇంటి అరుగు మీద కూర్చుని టీ తాగుతుండగా కరెంటు పోయింది. లోపల తమ్ముడి కొడుకు మర్నాటికి తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. కరెంటు వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాకపోయేసరికి అటక మీది ఇత్తడి పెట్టె దించి, పెరట్లో వంటల కోసం వెలిగించిన కట్టెల పొయ్యిలోంచి నిప్పులు తెచ్చి నింపాడు. చొక్కా మీద నీళ్లు చిలకరించి పెట్టె ఆనించాడు.

తడి నూలు బట్టకు వేడి ఇత్తడి తగలగానే ఒక వాసన లేస్తుంది. మాడీ మాడని గంజి, బొగ్గు పొగ, ఎండలో ఆరిన బట్ట, మూడూ అందులో ఉంటాయి. ఆ వాసన అరుగు దాకా వచ్చింది. టీ గ్లాసు కింద పెట్టేశాను. బాపు పోయినప్పుడు జనం మధ్య, పనుల మధ్య నాకు కన్నీళ్లు రాలేదు. ఏడాది తిరిగాక, చీకటి పడుతున్న అరుగు మీద, ఆ వాసనకు వచ్చాయి.

మాది చాకలి ఇల్లు. ఆజంజాహి బట్టల మిల్లుకు నడిచి వెళ్లేంత దూరంలో బాపుకు ఇస్త్రీ దుకాణం ఉండేది. రేకుల కప్పు, ఒక బల్ల, దాని మీద పరిచిన గొంగడి, గొంగడి మీద నాలుగు మడతల దుప్పటి. దుకాణానికి పేరు లేదు, బోర్డు లేదు. అయినా ఆ చుట్టుపక్కల ఉతికిన చొక్కా తొడుక్కునే ప్రతి మగవాడూ ఎప్పుడో ఒకప్పుడు ఆ బల్ల ముందు నిలబడినవాడే. ఎవరు ఏ పని చేస్తారో, నెలాఖరులో ఎవరి ఇంట్లో చేయి ఆడటం లేదో, ఎవరికి జీతం పెరిగిందో మా బాపుకు బట్టలే చెప్పేవి. మనిషి అబద్ధం ఆడవచ్చు గానీ చొక్కా చంక ఆడదు అనేవాడు.

* * *

తాత పాలకుర్తి వైపు పల్లె నుంచి వచ్చాడు. ఊళ్లో పని దొరక్క వచ్చినవాడు కాదు. పనికి అంతు లేక వచ్చినవాడు. ఊరందరి బట్టలూ ఉతకాలి. దొర ఉండే గడీ నుంచి వచ్చే మూటలకు లెక్క లేదు, కూలి అంతకన్నా లేదు. గడీలో అంట్లు తోమడం, పెళ్లి ఊరేగింపులో దివిటీ పట్టడం, పెద్దలు నడిచే దారిలో బట్టలు పరచడం కూడా చాకలి పనే. రైతులు పంట వచ్చినప్పుడు మేర గింజలు కొలిచేవారు. సాయంత్రం గంప పట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే అన్నం, కూర వేసేవారు. పది ఇళ్ల కూరలు ఒక్క గిన్నెలో కలిస్తే దాన్ని ఏ కూర అని పిలవాలో తెలిసేది కాదని నానమ్మ చెప్పేది. ఆ మాట ఎప్పుడు చెప్పినా ఆమె ముఖంలో నవ్వు ఉండేది కాదు.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1934లో వరంగల్‌లో మిల్లు పెట్టించి, దానికి పెద్దకొడుకు ఆజం జా పేరు పెట్టాడు. చుట్టూ పత్తి పండే నల్లరేగళ్లు, పక్కనే రైలు మార్గం, తరతరాలుగా మగ్గం ఎరిగిన చేతులు. మిల్లుకు కావలసినవన్నీ ఇక్కడే ఉన్నాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం పనికి వచ్చారు. పని ఉన్నచోట బట్ట మాస్తుంది, బట్ట మాసినచోట చాకలికి బతుకు ఉంటుంది. ఆ లెక్క వేసుకుని తాత నానమ్మనూ గాడిదనూ వెంటబెట్టుకుని నడిచి వచ్చేశాడు.

మొదటి వారం ఒక మిల్లు కార్మికుడు ఉతికిన ధోవతి తీసుకుని చేతిలో నిజాం నాణెం, హాలీ అణా పెట్టాడట. తాత అది ఎందుకో తెలియక తిరిగి ఇవ్వబోయాడట. "నీ కూలి, ఉంచుకో" అన్నాడట ఆయన. అప్పటిదాకా తాత చేతికి గింజలు వచ్చాయి, మెతుకులు వచ్చాయి, తిట్లు వచ్చాయి. బట్టకు ఇంత అని లెక్కగట్టి ఇచ్చిన డబ్బు అదే మొదలు. ఆ అణాను తాత ఖర్చుపెట్టలేదు. దేవుడి గూట్లో పసుపు డబ్బాలో చాలా కాలం ఉండేదట. నేను చూడలేదు. బాపు చూశాడు.

అందుకే మా ఇంట్లో మిల్లు గురించి ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే తాత ఊరుకునేవాడు కాదు. మా వాళ్లెవరూ అందులో ఒక్కరోజు పని చేయలేదు. కానీ ఊళ్లోది చాకిరి, ఇక్కడిది పని అనే తేడాను మిల్లు ఊరే మాకు నేర్పింది.

* * *

మా ఇంట్లో గడియారం ఉండేది కాదు. మిల్లు సైరనే గడియారం. మొదటి షిఫ్టు కూతకు ముందే బాపు, చిన్నాన్న చిన్నవడ్డేపల్లి చెరువుకు బయలుదేరేవారు. సెలవు రోజుల్లో నేనూ మూటల వెనుక నడిచేవాణ్ణి. రేవులో బండలన్నీ ఎవరివి వారివే. బట్టను తలపైకి ఎత్తి బండ మీద కొట్టేటప్పుడు ప్రతి ఒక్కరి నోటి నుంచి ఒక ఊపిరి చప్పుడు వస్తుంది. ఏ ఇద్దరిదీ ఒకలా ఉండదు. మంచు తెరలో మనిషి కనబడకపోయినా ఆ చప్పుడును బట్టి అది బాపు బండ, ఇది చిన్నాన్న బండ అని చెప్పగలిగేవాణ్ణి.

మురికి ఎక్కువ పట్టినవాటిని ముందురోజు రాత్రే ఉబ్బ వేసేవారు. చౌడు నీళ్లలో ముంచిన బట్టలను బాన మూతి చుట్టూ పేర్చి, కింద మంట పెట్టి, రాత్రంతా ఆవిరి పట్టించేవారు. తెల్లవారి మూట విప్పితే ఉడికిన నూలు వాసన వీధి చివరిదాకా వచ్చేది. ఆ తర్వాత బండ, ఆ తర్వాత నీలిమందు, గంజి. సోడా, సబ్బుపొడి వచ్చాక చౌడు కోసం పోవడం తగ్గింది. ఉబ్బ వేసే బాన మా పెరట్లో బోర్లించి ఉండగానే పగిలిపోయింది.

వందల బట్టల్లో ఎవరిది ఏదో ఎలా తెలుస్తుందని నా చిన్నప్పటి స్నేహితులు అడిగేవారు. దానికి నల్లజీడి గింజ ఉంది. గింజను సూదితో పొడిస్తే నల్లటి రసం ఊరుతుంది. ఆ సూదితోనే బట్ట లోపలి అంచున చిన్న గుర్తు పెట్టి, దాని మీద కాస్త సున్నం అద్దాలి. ఆ గుర్తు బట్ట చిరిగేదాకా పోదు. రసం చర్మానికి తగిలితే పొక్కుతుంది. బాపు ఎడమచేతి బొటనవేలి మీద అలాంటి మచ్చలు నాలుగైదు ఉండేవి. ఆయనకు చదువు రాదు. కానీ చుక్కలు, గీతలు, కొడవలి వంపులు, నిచ్చెనలు కలిపి మూడు వందల ఇళ్లకు పైగా గుర్తులు ఆయన తలలో ఉండేవి. తండ్రి గుర్తుకు పక్కన ఒక చుక్క చేరిస్తే పెద్దకొడుకు, రెండు చేరిస్తే చిన్నకొడుకు. ఉమ్మడి ఇల్లు విడిపోతే గుర్తు మారేది. నేను బడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఏడాదే ఇంట్లో ఈ లిపి కూడా నేర్చుకున్నాను. ఇప్పటికీ సగానికి పైగా గుర్తే.

* * *

మిల్లు మనుషులంటే బయటివాళ్లకు అంతా ఒకటే. మాకు కాదు.

దూది బేళ్లు విప్పే చోట పనిచేసేవాడి బట్టల్లో దూది నుసి కుట్లలోకి దూరి ఉండేది. జేబు తిరగేసి దులిపితే పిచ్చుక గూడంత వచ్చేది. నూలు వడికే విభాగంలోని వాళ్ల చొక్కాలకు ముందువైపు నూనె చుక్కలు. బాయిలరు దగ్గర పనిచేసేవాడి ఖాకీ లాగు రెండుసార్లు ఉబ్బకు పోతే గానీ రంగు తేలేది కాదు. ఫిట్టర్ల చొక్కాలకు చేతుల దగ్గర గ్రీజు. మగ్గాల మీద పనిచేసేవాళ్ల బట్టలు అంతగా మాసేవి కావు. వాళ్లను గొంతును బట్టి గుర్తుపట్టేవాళ్లం. మగ్గాల హోరులో మాట వినబడదు గనుక లోపల పెదవుల కదలికతో, సైగలతో మాట్లాడుకునేవారు. బయటికి వచ్చాక చిన్న మాట కూడా కేక వేసినట్టు చెప్పేవారు. "తమ్మీ, ధోవతి అయిందా!" అంటే సందులో కుక్క లేచి నిలబడేది.

పడుగు నూలుకు గంజి పట్టించే సైజింగ్ విభాగంలో ఒకాయన ఉండేవాడు. మా దుకాణానికి వచ్చినప్పుడల్లా బాపు ఆయనకు బీడీ ఇచ్చి, "బట్ట పుట్టకముందు నువ్వు గంజి పెడతావు, పుట్టాక నేను పెడతాను. మనిద్దరిదీ ఒకటే వృత్తి బావా" అనేవాడు. ఆయన పద్మశాలి, మేము చాకలివాళ్లం. పల్లెలో అయితే ఆ బావా అనే పిలుపు అంత తేలికగా నోట వచ్చేది కాదని తాత నాతో ఒకసారి అన్నాడు.

కార్మికుల్లోనూ మెట్లు ఉండేవి. అన్నిటికన్నా కింది మెట్టు బదిలీవాడిది. రోజూ గేటు దగ్గర నిలబడతాడు. ఎవరైనా పనికి రాకపోతే లోపలికి పిలుస్తారు. లేకపోతే టిఫిను డబ్బా విప్పకుండానే ఇంటికి. అలాంటివాళ్లు మా దుకాణానికి బట్ట వేసేవారు కాదు. పర్మనెంటు అయిన రోజు మాత్రం తప్పకుండా వచ్చేవారు, చేతిలో ఒకే ఒక్క చొక్కాతో. బాపు ఆ చొక్కాకు డబ్బు తీసుకునేవాడు కాదు. అంచున గుర్తు పెట్టేటప్పుడు మాత్రం కాస్త పెద్దగా పెట్టేవాడు. ఇక నుంచి ఆ ఇల్లు మన ఇల్లు అన్నట్టు.

జాబరు వేరే మనిషి. మగ్గాల వరుస మీద అజమాయిషీ ఆయనది. ధోవతి మీద కోటు వేసేవాడు, ఎండాకాలం కూడా. ఆ కోటును ఉతకడానికి వేయడు, ఇస్త్రీకే వేస్తాడు. మెడ దగ్గర నూనె మరక ఏళ్ల తరబడి అలాగే ఉండేది. ఆ పైన దఫ్తరు గుమాస్తాలు, ఇంకా పైన మాస్టర్లు, ఆఫీసర్లు. దుకాణంలో మాత్రం బాపు ఒక్కటే పద్ధతి పాటించేవాడు. ముందు వచ్చిన మూట ముందు. ఒకసారి బంగళా నుంచి జీపులో వచ్చిన మనిషి తొందరపెడితే, బల్ల మీదున్న బాయిలరు మనిషి లాగు రెండో కాలు కూడా పూర్తిచేసి, మడత పెట్టి, అప్పుడు ఆ చొక్కా అందుకున్నాడు. పక్కనే నిప్పులు విసురుతున్న నాకు గుండె దడదడలాడింది. బాపు చేయి వణకలేదు.

* * *

ఆ రోజుల్లో నాకు అన్నిటికన్నా అర్థం కానిది గుమాస్తాల బతుకు. ఇప్పుడు తలచుకుంటే ఎక్కువ నొప్పి కలిగేదీ అదే.

ఒక ఆఫీసు గుమాస్తా ఉండేవాడు. ఏ ఆఫీసో ఇప్పుడు ఎందుకు. ఆయనకు రెండే తెల్లచొక్కాలు. సోమవారం ఒకటి, మంగళవారం ఒకటి, మళ్లీ మొదటిది. రాత్రి భార్య ఇంట్లోనే ఉతికేది, ఉతికే కూలి మిగలాలని. పొద్దున్నే ఆయన కూతురు ఇస్త్రీకి తెచ్చేది. ఆమె నిలబడి ఉండగానే బాపు చేసి ఇచ్చేవాడు. కాలరు అరిగి దారాలు లేచినప్పుడు దర్జీ దగ్గర దాన్ని విప్పించి, తిరగేసి కుట్టించుకునేవారు. అరిగిన వైపు లోపలికి, కొత్త వైపు బయటికి. కాలరు తిప్పించడం అనేవారు దాన్ని. ఈ తరంలో ఆ మాట విన్నవారు ఉన్నారో లేదో. తిప్పించిన కాలరును పైనుంచి చూస్తే ఎవరికీ తెలియదు. ఇస్త్రీ చేసేవాడికి మాత్రం కుట్టు దగ్గర పాత సూది రంధ్రాలు తెలుస్తాయి.

ఆయనదే రెండోసారి కాలరు తిప్పాల్సి వచ్చింది. రెండు వైపులా అరిగిపోయింది. బాపు ఆ చొక్కా పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత గంజి కాస్త చిక్కగా కలిపి కాలరు అంచుకు వేలితో రాసి, పెట్టె కొనతో నెమ్మదిగా ఒత్తాడు. లేచిన దారాలన్నీ అణిగిపోయాయి. ఆ తర్వాత రోజూ అలాగే చేసేవాడు. అదనంగా పైసా అడగలేదు. ఆయన కూడా ఎప్పుడూ ఏమీ అనలేదు. కానీ పండగకు మా దుకాణం ముందు సైకిలు దిగి, బాపుకు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి వెళ్లాడు. తెల్లచొక్కా మనిషి చాకలికి బజారులో నమస్కారం పెట్టడం నేను చూసింది అదే మొదటిసారి.

అదే వీధిలో ఉండే మగ్గం కార్మికుడి ఇంట్లో ఆదివారం మాంసం ఉడికేది. ఆయన భుజానికి గుడ్డ వేసుకుని పాత బనియనుతో బజారుకు వెళ్లగలిగేవాడు. ఎవరూ వేలెత్తి చూపరు. గుమాస్తాకు ఆ వీలు లేదు. చేతిలో డబ్బు తక్కువ, మోయాల్సిన మర్యాద ఎక్కువ. ఊరి లెక్కలో ఆయన ఒక మెట్టు పైన. మా బల్ల మీద మాత్రం కార్మికుడి ఒక్క చొక్కా ముందు ఆయన రెండు చొక్కాలూ పేదవి. ఈ సంగతి బాపు ఒక్కనాడూ బయట చెప్పలేదు. "ఒకరి ఇంటి మురికి ఇంకొకరి చెవిలో పడకూడదు, అది వృత్తికి ద్రోహం" అనేవాడు. ఇన్నేళ్ల తర్వాత, పేరు లేకుండా, నేను చెబుతున్నాను. తప్పయితే ఆయన క్షమించాలి.

* * *

రైలు మనుషుల బట్టలు కూడా వచ్చేవి. స్టేషను వైపు కాపురమున్న ఒక గార్డు తెల్ల యూనిఫారం వేసేవాడు. ఉతికే ముందు ఇత్తడి గుండీలు వెనుక రింగులు తీసి విప్పి, మళ్లీ ఇస్త్రీ అయ్యాక పెట్టాలి. ఆ గుండీలను చింతపండుతో తోమడం నా పని. కాజీపేట షెడ్డులో పనిచేసే ఒక ఫైర్‌మన్ నీలి చొక్కా అదే మూటలో వచ్చేది, ఇద్దరూ పక్కపక్క ఇళ్లవాళ్లు గనుక. రైలు చివరి డబ్బాలో తెల్లబట్ట, ముందు ఇంజనులో బొగ్గు పారతో నీలిబట్ట. ఒకే రైలు, ఒకే దారి. నీలి చొక్కా ఉతికిన నీళ్లు చెరువులో నల్లటి తోకలా సాగేవి. ఆవిరి ఇంజన్లు పోయి డీజిలు వచ్చాక ఆ నలుపూ పోయింది.

హమాలీల బట్టలు మాత్రం ఎప్పుడో గానీ రావు. మార్కెట్ ఏనుమాములకు మారకముందు మా లక్ష్మీపురంలోనే ఉండేది. మిరప సీజనులో వీధి వీధంతా తుమ్మేది. బస్తా మోసే హమాలీ గోనెసంచిని కొంగుముసుగులా మడిచి తల మీద వేసుకుంటాడు. తూకం వేసే దడ్వాయి చెవిలో పెన్సిలు పెట్టుకుంటాడు. అడ్తి సేటు గద్దె మీద తెల్లటి లాల్చీతో కూర్చుంటాడు. ముగ్గురి ఒంటి మీదా అదే ఎర్రపొడి. సేటు లాల్చీ మాత్రమే మా దగ్గరికి వచ్చేది. దాన్ని నీళ్లలో వేయగానే అమ్మ చేతులు మండేవి. రాత్రి మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. ఒక్కోసారి అనిపిస్తుంది, ఒక్క లాల్చీకే ఇంత మంట అయితే పొద్దంతా ఆ బస్తాలు వీపున మోసినవాడికి ఎలా ఉండేదో. ఒక హమాలీ పెద్దకూతురి పెళ్లికి తన ధోవతి తెచ్చాడు. మూడు నీళ్లు మార్చినా ఎరుపు వదల్లేదు. బాపు నీలిమందు కాస్త ఎక్కువ వేసి ఆ ఎరుపును కప్పాడు. పెళ్లి పందిట్లో ఆయన ధోవతి లేత ఊదారంగులో మెరుస్తుంటే అందరూ అది కొత్తరకం అనుకున్నారని అమ్మ చెప్పేది.

* * *

ఇస్త్రీ అయిన బట్టలు ఇళ్లకు చేర్చే పని నాది. ఏ ఇంటికి ఏ గుమ్మం నుంచి వెళ్లాలో బాపు ముందే చెప్పి పంపేవాడు. కార్మికుల ఇళ్లకు వీధి గుమ్మం. గుమాస్తాల ఇళ్లకు వీధి అరుగు దాకా. బంగళాలకు పెరటి గుమ్మం. మడి పాటించే ఇళ్లలో మా చేతి మూటను నేల మీద పెట్టమనేవారు. చాకలి తెచ్చిన బట్ట మడికి పనికిరాదు గనుక కొన్నిటిని నా కళ్ల ముందే బిందెలో ముంచి దండెం మీద ఆరేసేవారు. బాపు నిలబడి నిలబడి పెట్టిన మడత ఒక్క చెంబు నీళ్లతో పోయేది. ఆ సంగతి నేను ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకు తెలుసని పెద్దయ్యాక తెలిసింది.

ఒక పెద్ద బంగళాలో నా ఈడు పిల్లవాడు ఉండేవాడు. బడిలో నా పక్క బెంచీ. పెరట్లో నన్ను చూసి వాడు తల తిప్పుకున్నాడు. మర్నాడు బడిలో మళ్లీ మామూలుగానే మాట్లాడాడు. వాడి చొక్కా కాలరు లోపల మా గుర్తు ఉంటుంది, గొడుగు ఆకారం. పాఠం జరుగుతుంటే నేను వాడి మెడ వెనుక చూస్తూ కూర్చునేవాణ్ణి.

దుకాణం గోడ మీద దినపత్రికలోంచి కత్తిరించిన చిట్యాల ఐలమ్మ బొమ్మ ఉండేది. మా తాత ఊరి వైపు మనిషి, మా కులపు మనిషి. కౌలు పొలంలో తాను పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోకుండా ఎదురు నిలిచిన ఆడది. 1985 సెప్టెంబరులో ఆమె పోయిందని తెలిసిన రోజు బాపు పెట్టెలో నిప్పు వేయలేదు. బట్టల కోసం వచ్చినవాళ్లకు "ఇవాళ మా ఇంట్లో చావు" అని చెప్పి పంపాడు.

* * *

టెరిలిన్ వచ్చింది. టెరికాటన్ వచ్చింది. మొదట్లో అవి ఉన్నవాళ్ల బట్టలు. తర్వాత అందరివీ అయ్యాయి. ఉతికి ఆరేస్తే చాలు, గంజి అక్కర్లేదు, ఇస్త్రీ లేకపోయినా గడుస్తుంది. ఒక పెళ్లికొడుకు టెరిలిన్ చొక్కా మీద నేను నూలు బట్టకు పెట్టినంత వేడి పెట్టాను. బట్ట కాలలేదు, కరిగింది. పెట్టె అడుగుకు జిగురులా అంటుకుంది. ఆ వాసన నాకు ఇప్పటికీ పడదు. బాపు నన్ను కొట్టలేదు. మూడు నెలలు కూడబెట్టిన డబ్బు మూట విప్పి, నన్ను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లి, కొత్త చొక్కా ఖరీదు లెక్కపెట్టి ఇచ్చాడు. తిరిగి వస్తుంటే దారిలో ఒక్కమాట అన్నాడు. "ఇది మన బట్ట కాదురా. దీనికి మనతో పని లేదు."

ఆయన మా గురించే అన్నాడు. కానీ ఆ మాట మిల్లుకూ వర్తించిందని ఇప్పుడు అనిపిస్తుంది. 1974లో దేశంలోని అనేక మిల్లులతో పాటు ఆజంజాహినీ జాతీయం చేశారు. అప్పటికే కృత్రిమ నూలు, మరమగ్గాలు కలిసి దేశమంతటా పాత నూలు మిల్లులను వెనక్కి నెట్టేస్తున్నాయి. జనం గంజి పెట్టని బట్ట తొడిగినకొద్దీ నూలు బట్ట నేసేవాడికీ, దానికి గంజి పెట్టేవాడికీ పని తగ్గింది. మూడు షిఫ్టుల సైరను రెండయింది, ఒకటయింది. చివరికి మిల్లు మూతపడింది. సైరను ఆగిన కొత్తలో అమ్మ చాలా రోజులు పొద్దున్నే లేవలేకపోయింది. నిద్రపోతోందని కాదు, తెల్లవారిందో లేదో నమ్మకం కుదరక.

మా వీధుల నుంచి సూరత్, భీవండి, షోలాపూర్ వెళ్లే రైళ్లు నిండాయి. ఇక్కడ మగ్గం జాబరుగా ఉన్నాయన అక్కడ మరమగ్గాల షెడ్డులో మామూలు పనికి చేరాడని విన్నాం. కొందరు ఆటోలు కొన్నారు. కొందరు మార్కెట్‌లో హమాలీలయ్యారు. మగ్గం ఎరిగిన మనిషి బస్తా కిందికి వంగడం చూసి బాపు ఆ దారిన నడవడం మానేశాడు. నేను చదువుకుని హైదరాబాదులో ఉద్యోగానికి వెళ్లాను. మిల్లు నేల మీద తర్వాత 'ఓ సిటీ' అనే కాలనీ ఇళ్లు లేచాయి. 2017లో గీసుగొండ, సంగెం వైపు మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగినప్పుడు, సూరత్ వెళ్లినవాళ్లు తిరిగి వస్తారని టీవీలో చెబుతుంటే బాపు మంచం మీద లేచి కూర్చున్నాడు. "అక్కడ సైరను పెడతారా?" అని అడిగాడు.

* * *

సంవత్సరీకం అయిన మర్నాడు తమ్ముడూ నేనూ అటక సర్దాం. రేకు పెట్టె ఒకటి దొరికింది. అందులో పదకొండు బట్టలు. ఏడు చొక్కాలు, మూడు ధోవతులు, ఒక ఖాకీ లాగు. మిల్లు మూతపడిన రోజుల్లో ఉతకడానికి వేసి, తీసుకోకుండానే ఊరు విడిచినవాళ్లవి. ప్రతి దసరాకు బాపు వాటిని ఎండలో వేసి, మళ్లీ ఇస్త్రీ చేసి, వేపాకు పెట్టి దాచేవాడని తమ్ముడు చెప్పాడు. పోయిన దసరాకు అలా చేసేవాడు లేడు. మడతల వెంట పసుపు చారలు పడ్డాయి.

అంచులు తిరగేసి గుర్తులు చదివాను. రెండు చుక్కలు, కింద గీత: నూలు వడికే విభాగం, ఇద్దరు అన్నదమ్ముల్లో చిన్నాయన. నిచ్చెన: ఫిట్టరు. కొడవలి, పక్కన చుక్క: బదిలీగా ఉండి పర్మనెంటు అయినవాడి కొడుకు. తొమ్మిదింటిని గుర్తుపట్టాను. పదోది కుట్టు దగ్గరే చిరిగిపోయింది. పదకొండోది తెల్లచొక్కా, మూడు చుక్కలు, వాటి మీద చంద్రవంక. ఎంత తలచుకున్నా ఎవరిదో తట్టలేదు.

అమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమెకు చూపు సరిగ్గా ఆనదు. కిటికీ దగ్గరికి జరిగి, అంచును కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"సైజింగులో చేసేవాడు కదా, మీ బాపు బావా అని పిలిచేవాడు, ఆయనది" అంది. "ఆయన భీవండిలోనే పోయాడు. ఆమె తిరిగి వచ్చింది. కాశిబుగ్గలో చిన్నకూతురి దగ్గర ఉంటోంది."

చొక్కా మడిచి సంచిలో పెట్టుకుని చెప్పుల కోసం చూస్తున్నాను.

"అలా నలిగింది పట్టుకుపోతావా? పెట్టెలో నిప్పులు వెయ్యి. కాలరు దగ్గర గంజి కాస్త చిక్కగా పెట్టు" అంది అమ్మ.